రామతులసికి ఇంగ్లీషు రాదు

"సెప్పులు టేక్ ఆఫ్ సేసేనంటే, సెప్పులెగిరిపోయినట్టేనాండీ?"

రామతులసి అడిగిన ఈ ప్రశ్నకి ఢిల్లీశ్వరరావు గొంతులో ఇడ్లీ అడ్డం పడింది. ఛత్రపూర్ ఆఫీసుకి తీసుకెళ్ళే రైలుకి ఇంకా గంట టైముంది. లేకపోతే అప్పుడే లేచి పోయేవాడు.

"సెప్పులెందుకెగుర్తాయే? సెప్పులైతే విప్పడం. విమానమైతే ఎగరడం. మాట ఒకటే, అర్థాలు వేరు."

"రెండిటికీ రెండు మాటలు పెట్టుకోలేకపోయారేటి, అంత పెద్ద దేశం."

ఆవిడకి ఈ ఇంగ్లీషు పిచ్చి పట్టి వారమైంది. లంజిపల్లిలో వాళ్ళ పక్క వాటాలో కాపురముండే లక్ష్మీదుర్గ, నోరు తెరిస్తే ఇంగ్లీషు ముక్కలు రాలుస్తుందట. ఆ పిల్ల ముందు తలెత్తుకోలేకపోతోందట. "మీలాంటి మనిషిని ఇంట్లో పెట్టుకుని నేనిలా ఉండిపోడమేటండి" అని అడిగింది. ఆ మాటకి కరగకుండా ఉండటానికి ఢిల్లీశ్వరరావేమీ బండరాయి కాడు.

నిజానికి ఆయన మనసప్పుడు బాగాలేదు. సెక్షన్ ఆఫీసరు పదవికి ఆఫీసువాళ్ళు పెట్టే పరీక్ష రెండుసార్లు తప్పాడు. రెండుసార్లూ ముంచింది ఇంగ్లీషు పేపరే. అందులోనూ ఒక మాటిచ్చి, దాని అర్థాలన్నీ రాసి వాక్యాలు కట్టమనే ప్రశ్న. మూడోసారే ఆఖరు. అదీ పోతే ఆ కుర్చీ, ఆయనకన్నా పన్నెండేళ్ళు చిన్నవాడైన అర్జున్‌కి పోతుంది. ఆపైన రోజూ ఫైలు పట్టుకుని అర్జున్ గదిలోకెళ్ళి, ఒడియా మర్యాద ప్రకారం, అయ్యగారూ అన్నట్టు "ఆజ్ఞా" అని నిలబడాలి.

అలాగని పుస్తకం ముట్టుకోలేదు. ఇరవై ఏడేళ్ళ సర్వీసున్న మనిషి కూర్చుని చదువుకుంటే చూసేవాళ్ళకేం బావుంటుంది? ప్రశ్నపత్రం తయారుచేసినవాళ్ళకే ఇంగ్లీషు రాదని తేల్చేసి, నిశ్చింతగా ఉన్నాడు.

భార్యకి పాఠం చెప్పడంలో మాత్రం అలాంటి నామోషీ ఏమీ లేదు.

మర్నాడు మళ్ళీ మొదలు. "సెలవు పెట్టినా టేక్ ఆఫేనట కదండీ?"

"అవును. 'ఐ టుక్ మండే ఆఫ్'. సోమవారం వొచ్చి మధ్యలో కూర్చుంటాది."

"రెండిటి మధ్యా నలిగిపోదేటి, పాపం."

ఆ మర్నాడు, "ఎవర్నేనా అనుకరించి ఎక్కిరించినా టేక్ ఆఫేనటండి. దుర్గ అంటోంది" అంది.

ఢిల్లీశ్వరరావు నమలడం ఆపాడు. ఈ అర్థం ఆయన జన్మలో వినలేదు.

"ఇప్పుడు సెప్తే నీ బుర్రకెక్కదు. సాయంత్రం సూద్దాం."

"మీకు తీరిక లేకపోతే పోనీ, అర్జున్ గారికి ఫోన్ సేసి అడగనా? ఆయనకి తెలుస్తాదేమో."

ఆ రోజు రైల్లో ఢిల్లీశ్వరరావు పేకముక్క ముట్టలేదు. స్టేషన్ వచ్చేదాకా ఫోన్లో డిక్షనరీ తిరగేశాడు. సాయంత్రం వచ్చి, అనుకరించడం, చెప్పకుండా ఉడాయించడం, వ్యాపారం ఒక్కసారిగా పుంజుకోవడం, ధర తగ్గించడం అంటూ మొత్తం ఏడర్థాలు, ఉగ్గుపాలతో తాగినవాడిలా గడగడా చెప్పాడు.

ఆవిడ వింది. తలూపింది. సొంతంగా ఒక వాక్యం చెప్పమంటే "మై హస్బెండ్స్ షర్ట్ టుక్ ఆఫ్" అంది.

"అంటే నా సొక్కా ఎగిరిపోయిందా? నీకన్నా గోడ నయమే. అన్నిసార్లు సెప్తే పెచ్చులేనా ఊడును."

"కోప్పడకండి. అర్థానికో వాక్యం కాయితమ్మీద రాసి సెప్పండి. కంటితో సూస్తే ఒస్తాదేమో."

రాశాడు. ఆవిడకి రాలేదు. మళ్ళీ రాశాడు. పాత క్యాలెండర్ల వెనకంతా నిండిపోయింది. టేక్ ఆఫ్ తర్వాత పుట్ ఆఫ్ పట్టుకుంది. అదయ్యాక గివ్ అప్. దిగపహండిలో చుట్టాలింటికి వెళ్ళిననాడు బస్సులో కూడా వదల్లేదు. దిగేసరికి కండక్టరుకి సైతం గివ్ అప్ వచ్చేసింది. పక్క సీట్లో కూర్చున్న రామతులసికి రాలేదు.

ఇలా మూడు నెలలు గడిచాయి.

పరీక్షలో టేక్ ఆఫ్‌కి నాలుగర్థాలు రాయమన్నారు. ఢిల్లీశ్వరరావు జాలిపడి ఏడూ రాశాడు.

ఫలితాలు వచ్చిన రోజున అర్జునే ఆయన బల్ల దగ్గరికొచ్చి "ఆజ్ఞా" అన్నాడు. ఆ మాట చెవిలో మోగుతుండగానే ఢిల్లీశ్వరరావు ఛెనాపోడా మిఠాయి పెట్టెతో ఇల్లు చేరాడు.

"సూశావా? పుస్తకం తెరవకుండా పాసయ్యేను. బుర్రంటే అదీ."

"మీ బుర్రకేటండి."

"నీ గురించే నా బాధ. మూడు నెలలు నోరు నొప్పెట్టేలా సెప్పేను. ఒక్క ముక్కేనా ఒంటబట్టిందా?"

"నా రాతండి. ఇంక నన్నొదిలెయ్యండి, నాకు రాదు."

పాసైన సంతోషంలో ఆయన పెద్దమనసు చేసుకుని వదిలేశాడు. తువ్వాలు భుజాన వేసుకుని, కూనిరాగం తీస్తూ స్నానానికెళ్ళాడు.

రామతులసి రెండు ఛెనాపోడా ముక్కలు పళ్ళెంలో పెట్టుకుని పక్క వాటాకి వెళ్ళి, చంకలోంచి నలిగిపోయిన పరీక్ష గైడొకటి తీసి లక్ష్మీదుర్గ చేతిలో పెడుతూ, "మీ ఆయనకి పరీక్ష మార్చిలో కదా దుర్గా, రోజూ ఒక పేజీ నువ్వు బాగా సదివేసి, మర్నాడు ఏటీ తెలీనట్టు ఆయన్నడుగు, అప్పజెప్పమంటే తప్పే అప్పజెప్పు, ఎంత తిట్టినా నవ్వు మాత్రం రానీకు" అంది.