ఆటలో మసక

ఇంటి గుట్టు గడప దాటించనిదాన్ని, దేవుడికి దణ్ణం పెట్టుకుని ఇవాళ కలం పట్టాను.

మావారు కంప్యూటర్లో కారు పందెం ఆడతారు. రోడ్డు మసకగా ఉందని రిజల్యూషన్ పెంచారు, షార్ప్‌నెస్ చివరికంటా జరిపారు, నీడలు తీసేశారు. అయినా ప్రతి మలుపులోనూ కారు పోయి గోడకే కొట్టుకుంటోంది.

"దిక్కుమాలిన గ్రాఫిక్స్!" అన్నారు.

"నాకు చెట్ల ఆకులు కూడా కనిపిస్తున్నాయి నాన్నా," అంది మా అమ్మాయి.

"ఒకసారి కళ్ళు చూపించుకోండి," అన్నాను మెల్లగా.

"నావి డేగ కళ్ళే! సెట్టింగులే సరిగ్గా లేవు."

ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది.

హెడ్మాస్టరుగారూ, రోజూ పొద్దున్నే మీ స్కూలు బస్సు నడిపేది ఈ డేగే. తాళం చేతికిచ్చేముందు కంటి పరీక్ష చేయించండి. ఈ కార్డు మీ దగ్గరే దాచుకోండి, ఆయనకు మాత్రం చూపించకండి.