బెల్టు దీపం

"బెల్టు మార్చావా?"

పియదాస స్కూలు వ్యాన్ కిటికీలోంచి తల లోపలికి పెట్టి అడిగాడు. మనవరాలు సెనులి మరిచిపోయిన నీళ్ల సీసా ఇవ్వడానికి వచ్చినవాడు, సీసా చేతిలోనే పట్టుకుని మీటరు వైపు గుడ్లప్పగించి చూస్తున్నాడు. తొంభై ఒక్క వేల చిల్లర కిలోమీటర్లు. ఆరు గళ్లలో ముందున్న సున్నా మిగతా అంకెల కన్నా వెంట్రుకవాసి కిందికి జారి ఉంది. గడియారాలు బాగుచేసే కంటికి తప్ప అలాంటివి ఎవరికీ కనబడవు.

"ఏ బెల్టు మామా? నా నడుముదా?" డ్రైవర్ లక్మాల్ నవ్వాడు. వెనకాల పిల్లలూ నవ్వారు.

"టైమింగ్ బెల్టు. ఇంజన్‌లోది."

"అది లక్షకి మార్చాలి. ఇంకా తొమ్మిది వేలుంది. టైమొస్తే అదిగో, ఆ దీపమే వెలుగుతుంది." మీటరు పక్కన ఆరిపోయి ఉన్న చిన్న గుర్తును లక్మాల్ వేలితో తట్టాడు. "మా నాన్న కాలం నుంచీ ఈ రోడ్డు మీద అందరం దీపాన్ని చూసే మారుస్తున్నాం. ఎవడి బండీ ఆగలేదు."

"దీపానికేం తెలుసు పుతా? మీటరు ఏం చెబితే దానికీ అదే. నువ్వు కొన్నది పాత బండి. ముందువాడు ఎలా తోలాడో ఏమో."

"కొని నెల కూడా కాలేదు! అప్పుడే నలభై అయిదు వేలు పోయమంటావా? బెల్టు ఒక్కటే కాదు. దాన్ని బిగించే చక్రం, ఎలాగూ విప్పుతారు గనక నీళ్ల పంపు, కూలి. అన్నీ కలిపి అంతవుతుంది."

"తెగితే మూడు లక్షలు. లోపల ఒకదానికొకటి కొట్టుకుని ఇంజన్ నుజ్జవుతుంది. డబ్బు సంగతి అలా ఉంచు. రంబొడ కొండ దిగుడులో ఇంజన్ ఆగిపోతే బ్రేకు పెడల్ రాయిలా బిగుసుకుంటుంది, తొక్కినా పట్టదు. లోపల పధ్నాలుగు మంది పిల్లలు."

లక్మాల్ ముఖం మాడ్చుకున్నాడు. "పొద్దున్నే ఏం మాటలు మామా ఇవి? గడియారాలకి కీ ఇచ్చుకునేవాడివి, ఇంజన్లతో నీకెందుకు?"

పియదాస వ్యాన్ తలుపు లాగాడు. "సెనులీ, దిగమ్మా."

"ఇవాళ లెక్కల పరీక్ష, సీయా!" పిల్ల తాత చేతిని విదిలించుకుంది. ఆయన వదల్లేదు. ఎత్తి రోడ్డు మీద దింపాడు.

"బాగుంది. నీ మనవరాల్ని దింపుకున్నావు. మరి మిగతా పదమూడు మంది?" అన్నాడు లక్మాల్.

వెటకారంగానే అన్నాడు గానీ, ఆ మాట పియదాసకు ముల్లులా దిగింది. ఆయన రెండడుగులు వేసి వ్యాన్‌కు ఎదురుగా నిలబడ్డాడు. లక్మాల్ హారన్ కొట్టాడు. ఆయన కదల్లేదు. టీకొట్టు దగ్గరి జనం మూగారు. పిల్లల్ని ఎక్కించడానికి వచ్చిన తల్లుల్లో కుసుమ నోరు పెద్దది.

"ముసలాడికి మతి పోయింది. ఎవరైనా పక్కకి లాగండి, పిల్లలకి పరీక్ష!"

"డబ్బు నేనిస్తాను," అన్నాడు పియదాస.

డబ్బంటే ఎవరి నోరైనా మూతపడుతుంది. ఆయన పక్కనే ఉన్న తన గడియారాల కొట్లోకి వెళ్లి బిస్కట్ల డబ్బా తెచ్చి లక్మాల్ ఒళ్లో పెట్టాడు. ఎడమ కంట్లో పొర తీయించుకోవడానికి పైసా పైసా కూడబెట్టిన డబ్బది. ఆఖరి అయిదు వేలు మూడు నెలల కిందటే అందులో చేరాయి.

లక్మాల్ ఇంజన్ ఆపేశాడు. "కంటి డబ్బు మామా ఇది. ఎందుకిలా? కారణమేమిటో చెప్పు."

పియదాస చుట్టూ ఉన్న తల్లుల్ని చూశాడు, సెనులిని చూశాడు. నాలుక చివరిదాకా వచ్చిన మాటను మింగేశాడు.

"చప్పుడు," అన్నాడు. "ముప్పై ఏళ్లుగా పళ్లచక్రాల చప్పుడు వింటున్నాను పుతా. ఇది బాగాలేదు."

లక్మాల్ చివరికి పిల్లల్ని దింపి బస్సెక్కించి, వ్యాన్‌ను రోడ్డుకు అవతలి షెడ్డులోకి తోయించాడు. మెకానిక్ గుణసిరి గొణుక్కుంటూనే మూత విప్పాడు. పియదాస గుమ్మం దగ్గర స్తంభాన్ని పట్టుకుని నిలబడ్డాడు.

గుణసిరి గొణుగుడు ఉన్నట్టుండి ఆగింది.

"ఇలా రారా లక్మాల్."

బెల్టుకు నాలుగు చోట్ల పళ్లు లేవు. అంచు పోగులు పోగులుగా లేచిపోయింది. గుణసిరి దాన్ని కాస్త వంచాడో లేదో, పగులు నోరు తెరిచింది.

"తొంభై వేలకి ఇలా అవ్వదే! ఏ నాసిరకం బెల్టు వేశారో ఏమో. ఇంకో దిగుడు దిగేది కాదురా ఇది," అన్నాడు గుణసిరి.

లక్మాల్ బెల్టును అందుకుని, పళ్లు ఊడిన చోట్లను వేలితో తడిమి చూశాడు.

సాయంత్రానికి ఊరంతా తెలిసిపోయింది. పిల్లల తల్లిదండ్రులు తమలపాకుల కట్టలతో పియదాస కొట్టు ముందు వరస కట్టారు. పెద్దలకు చేసినట్టు ఒక్కొక్కరే మోకాళ్ల మీద వంగి దండం పెడుతున్నారు. అందరికంటే ముందు కుసుమే వంగింది. ఆమె వెక్కి వెక్కి ఏడుస్తుంటే పియదాస ఆ ముఖం చూడలేక తల తిప్పుకున్నాడు. పారిపోదామంటే దారి లేదు.

ఆఖరున లక్మాల్ వచ్చి, తమలపాకుల కట్టను ఆయన రెండు చేతుల్లో పెట్టి, ఆ చేతుల్ని కళ్లకు అద్దుకున్నాడు.

"మా పిల్లల్ని కాపాడిన చేతులు మామా ఇవి. చల్లగా ఉండాలి."

పియదాస చేతులు వెనక్కి లాక్కున్నాడు. ఆకులు జారి నేల మీద చెల్లాచెదరయ్యాయి.

మూడు నెలల కిందట, ముందువాడి దగ్గర అయిదు వేలు పుచ్చుకుని, ఆ వ్యాన్ మీటరులో ముందున్న ఒకటిని సున్నాగా తిప్పి, వెలుగుతున్న దీపాన్ని ఆర్పింది ఆ చేతులే.