దునాయి చీటీ

ఎర్రగుడ్డ పరిచిన బల్ల మీద పరీక్ష ప్రశ్నల చీటీలు బోర్లించి ఉన్నాయి.

ఒకటి తీశాను. తిప్పి చూశాను.

"దునాయి నది పేరు: పుట్టుక, విభక్తులు."

లోకమంతా డాన్యూబ్ అనే నదిని మేం దునాయి అంటాం. ఆ జవాబు నాకు కంఠతా వచ్చు. నా భయమంతా అందుకే.

ఆకులు రాలే రోజుల్లో మా ప్రొఫెసర్ కొర్నిలో మార్కోవిచ్ గారు ఆ పాఠం చెబుతుంటే తరగతంతా నవ్వింది.

"మీ అమ్మమ్మలు ఏ నీళ్ళు కనబడినా దునాయీ అని పాట కట్టి ఏడ్చారు కదర్రా! ఆ పేరు మనది కాదు. జర్మన్ల తాతముత్తాతలు ఎవరి దగ్గరో తెచ్చుకున్నారు, వాళ్ళ దగ్గర మనం తెచ్చుకున్నాం. ఇప్పటిదాకా తిరిగిచ్చిన పాపాన పోలేదు."

జర్మన్లతో యుద్ధం ముగిసి నాలుగేళ్ళు కాలేదు. మా కీయివ్ నగరంలో సగం వీధులు ఇంకా ఇటుకల కుప్పలే. నవ్వినప్పుడు మాకు ఇవేవీ గుర్తు రాలేదు.

పోయిన వారం కాలేజీ గోడపత్రికలో రాశారు: "మన నదులకు శత్రువు చేత పేర్లు పెట్టించే పండితులున్నారు, జాగ్రత్త."

పేరు రాయలేదు. పక్కగది ప్రొఫెసర్ గురించి కూడా మొదట ఇలాగే రాశారు. ఇప్పుడాయన తలుపు మీద పేరుపలక లేదు, మేకుల కంతలే ఉన్నాయి. ఎక్కడికెళ్ళారని అడిగిన మగాడు లేడు.

ఈరోజు పరీక్షగదిలో, కిటికీ పక్కన, బూడిదరంగు కోటులో ఒకాయన కూర్చున్నాడు. ఎవరో మాకు చెప్పలేదు.

"చెప్పమ్మాయ్," అన్నాడు. "ఆ పేరు ఎక్కడిది? మీ ప్రొఫెసర్ నేర్పిందే చెప్పు, చాలు."

కొర్నిలో మార్కోవిచ్ గారు సిరాబుడ్డి వైపే చూస్తున్నారు.

"ఇంకో చీటీ తీసుకుంటానండీ. ఒక మార్కు తగ్గినా ఫర్వాలేదు."

"అక్కర్లేదు. ఇదే."

"తెలీదండీ."

"పాఠానికి రాలేదా?"

"వచ్చాను. నిద్రపోయాను."

ప్రొఫెసర్ గారు బల్ల గుద్దారు. "చూశారా! సర్కారు స్కాలర్‌షిప్ తిని నా తరగతిలో గురకలు! విభక్తులైనా చెప్పి ఏడువు."

దునాయ్, దునాయు, దునాయెవి... ఆరూ చెప్పి ఆగాను. ఏడోది సంబోధన. సర్కారు కొత్త వ్యాకరణంలో దాన్ని విభక్తుల వరసలోంచి తీసేశారు.

"అంతేనా?" అన్నాడు కోటు ఆయన.

"అంతేనండీ."

"రెండు," అన్నారు ప్రొఫెసర్ గారు, నా మొహం చూడకుండా. "ఫో."

మాకు అయిదుకి మార్కులు. రెండంటే తప్పినట్టు. స్కాలర్‌షిప్ పోయినట్టు, హాస్టల్‌లో మంచం కూడా పోయినట్టు.

కోటు ఆయన నా చీటీని మళ్ళీ బల్ల మీదే పెట్టాడు. అన్నిటికన్నా పైన.

బయట వసారాలో అందరూ చుట్టుముట్టారు.

"దునాయి," అన్నాను గుసగుసగా. "అందరికీ అదే ఇస్తాడు. ఆ రోజు మనమంతా నిద్రపోయాం. తెలిసిందా?"

"నేను నిజంగానే పోయాను," అంది హఫియా. "నాకు అబద్ధమాడే శ్రమ కూడా లేదే."

"హఫియే!" లోపలినుంచి ప్రొఫెసర్ గారి గొంతు.

పుస్తకంలోంచి తీసేస్తేనేం, ఆయన మమ్మల్ని ఆ పాత సంబోధనతోనే పిలిచేవారు. హఫియా ఆయన నోట హఫియే, నేను యారీనో. మా ఇళ్ళలో అమ్మలు పిలిచినట్టే.

హఫియా రెండుతో వచ్చింది. ఆ తర్వాత ఒరెస్త్ కూడా రెండే. తప్పినందుకు నోరు మూసుకుని నవ్వుకున్నాం. కాస్త ఊపిరి ఆడింది.

"తిమోషే!"

తిమీష్ లేచాడు. పొద్దున తన రొట్టెలో సగం తుంచి నాకు పెట్టినవాడు. ఊళ్ళో తల్లీ, చెల్లెళ్ళూ అతని స్కాలర్‌షిప్ మీదే బతుకుతున్నారు.

"నిద్రపోయావురా, మర్చిపోకు," అన్నాడు ఒరెస్త్.

అతను తలాడించి, టోపీ చేతుల్లో నలుపుకుంటూ లోపలికి వెళ్ళాడు.

చాలాసేపు రాలేదు. తలుపుకి చెవి ఆనించాలంటే నాకు భయమేసింది.

వచ్చాడు. మా మధ్యలోంచి దారి చేసుకుని వెళ్ళిపోబోయాడు.

హఫియా అతని చొక్కా పట్టుకుని ఆపింది. "ఎంతరా?"

తిమీష్ నేల వైపు చూస్తున్నాడు.

"అయిదు."

హఫియా చేయి వదిలేసింది.

అందరం తలుపు వైపు చూస్తూ నిలబడ్డాం. పరీక్షకి ఇంకా తొమ్మిదిమంది మిగిలి ఉన్నారు.

లోపలినుంచి ఎవరూ పిలవలేదు.