ముఖం రాకూడదు

"నోట్లోంచి తియ్యి! తియ్యమంటున్నానా!"

పెద్ద నర్సు తొమ్మిదో మంచం మీదికి వంగి, మూడు రోజుల పసిదాన్ని తల్లి రొమ్ము నుంచి లాగేసింది. పిల్ల కెవ్వుమంది. నాలుగు పాల చుక్కలు నర్సు ముంజేతి మీద పడ్డాయి. ఆవిడ చీము అంటినట్టు ముఖం పెట్టి, స్పిరిట్ దూదితో మోచేతి దాకా తుడుచుకుంది.

"మతి మందులు మింగే మనిషివి. నీవి పాలు కాదు, విషం. ఎన్నిసార్లు చెప్పాలి?"

"నేను వేసుకునే మాత్రతో పాలివ్వచ్చని మా డాక్టరమ్మగారు రాశారు సిస్టర్. ఫైల్లో మూడో కాగితం."

"పిచ్చి డాక్టరుకేం, రాస్తుంది. రాసేసి సెలవు మీద పోయింది. ఆవిడ సోమవారం వచ్చేదాకా ఇక్కడ చెప్పేది నేను."

ఫైలు మంచం కాళ్ల దగ్గరే వేలాడుతోంది. ఎవరూ దాన్ని తెరవలేదు. నర్సు జేబులోంచి మాత్రల అట్ట తీసింది.

"పాలు ఎండిపోవడానికి. రెండు మింగావంటే నీ గోలా వదులుతుంది, మా గోలా వదులుతుంది."

అంతలో పిల్లల డాక్టరు ఒక ఫోటోగ్రాఫరును వెంటబెట్టుకొచ్చాడు. వచ్చే బుధవారం నుంచి ఆసుపత్రిలో తల్లిపాల వారోత్సవాలు. గేటు దగ్గర కట్టే పోస్టరుకు పాలిస్తున్న తల్లి ఫోటో కావాలి. వార్డంతా తిరిగారు. ఒకామె దుప్పటి తల మీదికి లాక్కుంది. ఒకామె మా ఆయన చంపేస్తాడంది. మిగిలినవాళ్లు గోడవైపు తిరిగి పడుకున్నారు.

"దీన్నే తియ్యండి సార్," అంది నర్సు తొమ్మిదో మంచం చూపించి. "దీని తరఫున అడగడానికి వచ్చేవాళ్లెవరున్నారు? పాలు చూస్తే ధారగా ఉన్నాయి. ముఖం మాత్రం రాకూడదు. పిచ్చిదాని ముఖం మన పోస్టరు మీద ఎందుకు?"

"ఇందాక విషమన్నారుగా?" అంది తల్లి.

"ఐదు నిమిషాలకేం కాదులేమ్మా," అన్నాడు డాక్టరు గడియారం చూసుకుంటూ.

"ఐదు నిమిషాలకి విషం కానిది అరగంటకి ఎలా అవుతుంది సార్?"

"చూశారా, మొదలుపెట్టింది," అంది నర్సు. "మీరు కానివ్వండి సార్. ఫోటో అవగానే మాత్ర నేనే నోట్లో వేస్తాను."

ఫోటోగ్రాఫరు సంచి విప్పుతున్నవాడు ఆగాడు. తల్లి వైపు ఒకసారి చూశాడు.

పిల్లను ఒళ్లో పెట్టగానే అది తడుముకుని పట్టేసింది. గుటకల చప్పుడు పక్క మంచానికి వినపడింది. డాక్టరూ నర్సూ ఫోటోగ్రాఫరు వెనక నిలబడి పురమాయింపులు మొదలుపెట్టారు.

"పాలు కారేది కనపడాలయ్యా."

"మెడ పైనంతా కోసెయ్యండి."

కెమెరా టిక్కు టిక్కుమంటూనే ఉంది. ఐదు నిమిషాలు పదిహేనయ్యాయి. మధ్యలో తల్లి తలెత్తి కెమెరాకేసి చూసి ఫక్కున నవ్వింది.

"ఎందుకా నవ్వు? నీ ముఖం రావట్లేదులే," అని నర్సు డాక్టరు వైపు తిరిగింది. "వీళ్లింతే సార్, ఊరికే నవ్వుతారు. జబ్బంటే అదే."

తీసినవి చూపించమన్నారు. తెరంతా నల్లగా ఉంది. ఎన్ని ఫోటోలు జరిపినా నలుపే.

"ఏంటయ్యా ఇది?"

"కెమెరా మొండికేసింది సార్. చూపించుకుని రేపొస్తాను. రేపు కుదరకపోతే ఎల్లుండి. సోమవారానికి మాత్రం ఖాయం."

డాక్టరు విసుక్కున్నాడు. "అయితే సిస్టర్, అప్పటిదాకా ఆ మాత్ర ఆపండి. పిల్లను కూడా దగ్గరే ఉంచి తాగనివ్వండి. పాలు తగ్గాయంటే పోస్టరు ఏం బాగుంటుంది?"

నర్సు మాత్రల అట్టను మళ్లీ జేబులో కుక్కుకుంది. గుమ్మం దగ్గర ఇంకోసారి చేతులు తుడుచుకుని డాక్టరు వెనకాలే వెళ్లిపోయింది.

ఫోటోగ్రాఫరు సంచి సర్దుకుంటున్నాడు. పిల్ల రెండో వైపు తాగుతోంది. తల్లి మెల్లగా పిలిచింది.

"అన్నా, రేపు కూడా ఆ కెమెరా మూత తియ్యడం మర్చిపోండి."