స్కాన్ డిస్కుల అద్దం

వేడినీళ్ళలో నానబెట్టిన సీడీ డిస్కులను కత్తెరతో ముక్కలు చేసి, అద్దం చుట్టూ జిగురుతో అంటిస్తోంది పన్నెండేళ్ళ కూతురు. పక్కన ఖాళీ ఆసుపత్రి కవర్లు చూసి నాన్న గుమ్మంలోనే ఆగిపోయాడు.

“అవి నీ స్కాన్ డిస్కులు కదరా తల్లీ. డాక్టరుకి చూపించొద్దూ?”

“ఇంక అక్కర్లేదుగా.”

“ఎవరన్నారు?”

“నువ్వే. నిన్న డాక్టరు గదిలోంచి వచ్చిన దగ్గర్నుంచి దేనికీ వద్దనట్లేదు. ఐస్‌క్రీమ్ అడిగితే అలాగే అన్నావు. వానలో తడుస్తానంటే తలుపు తీశావు.”

నాన్న ఆమె పక్కనే కూలబడ్డాడు.

“ఒక్కసారి తిట్టు నాన్నా, ఎప్పట్లాగే.”

కత్తెర లాక్కుని, ఆమె వేలు పట్టుకున్నాడు. “వేలు తెగుతుంది, బుద్ధుందా నీకు...”

తిట్టు సగంలోనే ఆగిపోయింది. ఆ వేలిని మాత్రం వదల్లేదు.