ముందు నడిచే గొర్రె

ముసలి గొర్రె మాంసం ఎంత ఉడికించినా తోలులా సాగుతోంది. విసుగెత్తిన తలుపులమ్మ మిగిలినదాన్ని పొడుగు ముక్కలుగా కోసి, ఉప్పూ పసుపూ పట్టించి దండెం మీద ఆరవేస్తోంది. ముసురు రోజుల్లో గోంగూరలో వేసుకోవచ్చు.

మొగుడు పోలయ్య కాలువ గట్టు మీంచి ఒక్కడే వచ్చాడు.

“మందేది మావా?”

“బల్లల వంతెన దగ్గర ఆగిపోయిందే. కర్రతో అదిలించినా ఒక్కటీ కాలు పెట్టడం లేదు. పొద్దుగూకేలోపు అవతల చేలో ఎరువుకి మంద కట్టకపోతే కామందు ఇంకొకరిని పిలుచుకుంటాడు.”

తలుపులమ్మ చేతిలో ముక్కను చూసింది. కాలువకు నీళ్లు వదిలిన ఏడాది నుంచీ ఆ వంతెన మీద ముందు నడిచింది ఇదే. దీని మెడలో గంట వింటూ మిగతావి వెనకాలే వెళ్లేవి.

“పళ్లూడి గడ్డి కొరకలేకపోతోంది, కూరకైనా పనికొస్తుందన్నావు.”

“అన్నాను. నువ్వూ వద్దనలేదు.”

నిజమే. ఆమె చెయ్యి కడుక్కుని, గుంజకు వేలాడుతున్న గంట తీసుకుంది. మోకాళ్లు పట్టుకుంటూ గట్టెక్కి, గంట మోగిస్తూ వంతెన మీద నడిచింది. వెనక ముందుగా ఒక్క గిట్ట చప్పుడు. ఆ తరవాత మందంతా కదిలింది.

అవతలి గట్టున ఆమె కూలబడింది. ఆఖరి గొర్రెను తోలుకుంటూ పోలయ్య వచ్చాడు.

“రేపు కూడా నువ్వే రావాలే.”

“వస్తాలే మావా,” అంది తలుపులమ్మ, గంటను కొంగున ముడేసుకుంటూ. “నాకూ కింద రెండు పళ్లు కదుల్తున్నాయి. ముందే చెప్తున్నాను.”