ఎర్ర లైటు

"పోయిన లైటు ఒక్కటి వేసియ్యి తమ్మీ. లోపలేం ముట్టకు," అన్నాడు డానియేలు, ఆటోలోంచి మోసుకొచ్చిన, గిటార్ మోత పెంచే ఆంప్‌ను బల్ల మీద దించుతూ.

ప్రేమ్‌రాజ్‌కు ఒళ్లు మండింది. ఛత్రినాక సందులో ఇరవై ఏళ్లుగా గిటార్లూ ఆంప్‌లూ బాగుచేస్తున్నవాడితో లోపలేం ముట్టకు అంటే మండదా మరి! పైగా ఆ ఆంప్ సగం తన చేతి పనే. పది అంగుళాల స్పీకర్ పీకేసి పదిహేను అంగుళాలది బిగించిందీ, బేస్ గిటార్ మోత గుండెకు తగలాలని పెట్టెలోపల దూది పరిచిందీ తానే. జహనుమాలోని చిన్న చర్చిలో డానియేలు ప్రతి ఆదివారం దానికే తన బేస్ గిటార్ తగిలించి వాయిస్తాడు. పక్కన నిలబడి కూతురు స్వీటీ పాడుతుంది.

"లైటు పోతే ఏమైతదన్నా? లైటు లేకున్నా మోగుతది గదా."

"లైటు ఎలగకుంటే ఆంప్ సచ్చిందంటరు. ఆంప్ సచ్చిందంటే నన్ను కూసోమంటరు. నేను కూసోను తమ్మీ. నా బిడ్డ పాడినన్ని రోజులు పక్కన నిలబడుత."

అంతలో డానియేలు చెవి మిషన్ కీచుమంది. విసుక్కుని, తీసి జేబులో వేసుకున్నాడు. అది పెట్టుకున్నా మాటా పాటా అందుతాయి గానీ, బేస్ మోత అందదు. అది లేకపోతే పక్కన పటాకులు పేల్చినా ఆయనకు తెలియదు. ఎదుటివాళ్ల పెదాలు చూసి మాట పోల్చుకోవాల్సిందే.

అది చూసి ప్రేమ్‌రాజ్ మెత్తబడ్డాడు. షెల్ఫులోంచి చిన్న నీలం పెడల్ తీసి చూపించి, నోరు పెద్దగా తెరిచి చెప్పాడు.

"ఇది కంప్రెసర్ అన్నా. కాలికింద పెట్టుకో. తీగ గట్టిగ మీటినా, మెల్లగ మీటినా ఒక్క తీరుగ ఇనబడ్తది. మస్తుంటది."

"నాకెందుకు? ఉన్న పెడళ్లు చాలు. వాటి లైట్లు మంచిగనే ఎలుగుతున్నయి."

పెడల్ బాగుందా అంటే లైటు బాగుందనే మనిషిని ప్రేమ్‌రాజ్ ఇదే చూడడం. నవ్వుకుంటూ ఆంప్ వెనక చెక్క విప్పాడు. బల్బు మార్చడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. చెక్క మళ్లీ బిగించబోతూ ఆగిపోయాడు.

స్పీకర్‌కు వెళ్లే తీగ రెండు ముక్కలై ఉంది. దానంతటది తెగింది కాదు. కట్టర్‌తో కోసి, కొసలకు నల్లటేపు కూడా చుట్టారు.

అంటే ఈ ఆంప్ మోగడం లేదు. ఎన్నాళ్లనుంచో మోగడం లేదు. ఈ పెద్దాయన ప్రతి ఆదివారం ఇస్త్రీ చొక్కా వేసుకుని, అందరి ముందూ నిలబడి, మూగ పెట్టెకు బేస్ వాయిస్తున్నాడు. వినపడదని తెలిసిన మనిషిని ఇంత మోసం చేస్తారా? ప్రేమ్‌రాజ్ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఫోన్ తీసుకుని షాపు వెనక్కి వెళ్లి స్వీటీకి కలిపాడు.

"స్పీకర్ తీగ ఎవరమ్మా కోసింది? ఆ కీబోర్డు వాయించే వెస్లీయా?"

స్వీటీ గొంతు తగ్గించింది.

"ఎవరు కోసిన్రో నాకెర్క లేదంకుల్. ఈస్టర్ అయినకాడికెల్లి సౌండ్ వస్తలేదు. వెస్లీయే ఎడమ చేత్తోని కీబోర్డు మీద బేస్ వాయించుకుంటున్నడు. డాడీకి మాత్రం చెప్పకు, నీ కాళ్లు మొక్కుత. ఇయ్యాల మస్తు మోగింది డాడీ అని నేనంటే, ఆ పూట కడుపునిండ తింటడు."

"గిట్ల ఎన్ని రోజులమ్మా?"

"డాడీ పక్కన నిలబడకుంటే నాకు గొంతే రాదంకుల్," అంటూ ఏడ్చి ఫోన్ పెట్టేసింది.

ప్రేమ్‌రాజ్‌కు నిజం చెప్పడానికి నోరు రాలేదు. అలాగని కోసిన తీగను చూస్తూ చూస్తూ వదిలేయడానికి చేతులూ రాలేదు. టేపు పీకేశాడు. తీగ కొసలు గీకి, కలిపి మెలేసి, టంకం పెట్టి అతికించాడు. కోసినవాడెవడో గానీ, ఈ ఆదివారం వాడి చెవులు చిల్లులు పడాలని తిట్టుకుంటూ చెక్క బిగించాడు.

స్విచ్ వేయగానే ఎర్ర లైటు వెలిగింది. డానియేలు మొహం కూడా వెలిగింది.

"సల్లగుండు తమ్మీ. ఇగ ఫికర్ లేదు," అంటూ ఆంప్‌ను ప్రేమగా నిమిరాడు.

ఆ సంతోషం చూసి ప్రేమ్‌రాజ్‌కు ఉత్సాహం ఆగలేదు. గోడకున్న బేస్ గిటార్ తీసి ఆంప్‌కు తగిలించి, అన్నిటికన్నా లావు తీగను గట్టిగా మీటాడు. షెల్ఫులో స్క్రూల డబ్బాలు గలగలలాడాయి. డానియేలుకు ఏమీ వినపడలేదు. కానీ ఆయన అరచేయి ఇంకా ఆంప్ మీదే ఉంది.

ఆయన మొహంలో నవ్వు పోయింది. చెయ్యి చటుక్కున వెనక్కి తీసుకున్నాడు.

"ఏం పని జేసినవ్ తమ్మీ? లైటు ఒక్కటే గద ఎయ్యమన్న!"

"లోపల తీగ ఎవరో కోసిన్రన్నా," అన్నాడు ప్రేమ్‌రాజ్, ఇక దాచలేక. "నువ్వు వాయించేది ఎవరికీ ఇనబడొద్దని కోసిన్రు. గంత పాపం ఎట్ల జేసిన్రో!"

డానియేలు ప్రేమ్‌రాజ్ పెదాల వంకే చూస్తూ చివరిదాకా విన్నాడు. బల్ల మీదున్న కట్టర్ తీసి ప్రేమ్‌రాజ్ చేతిలో పెట్టి, వేళ్లు మూశాడు.

"మల్ల కోసెయ్యి తమ్మీ. అది కోసింది నేనే. నేను తాళం తప్పితే, నాకు ఎరుక గావొద్దని నా బిడ్డ గూడ నాతోని తప్పు పాడుతుండె."